గొంతు తగ్గాక వేదిక ఎక్కవచ్చా? మిల్టన్ నాసిమెంటో చివరి కచేరీల మీద చర్చ

పాతరికార్డు:

బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంటో 2022లో వేదికకు వీడ్కోలు చెప్పారు. ‘చివరి సంగీత సభ’ అనే అర్థం వచ్చే పేరుతో ఆ ఏడాది జూన్‌లో బయలుదేరి, యూరప్, అమెరికా, బ్రెజిల్ నగరాలు తిరిగి, నవంబరు 13న బెలో హొరిజొంతేలోని మినెయిరావ్ స్టేడియంలో యాత్ర ముగించారు. అప్పటికి ఆయనకు ఎనభై నిండి మూడు వారాలైనా కాలేదు. ఆ యాత్ర అసలు చేయకూడదనీ, పదేళ్ళ ముందే ఆపేయవలసిందనీ నా మిత్రుడొకరు ఈమధ్య గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. మీరేమంటారో తెలుసుకోవాలని ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. మిల్టన్ 1942లో రియో డి జనైరోలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోతే, మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ట్రెస్ పోంటస్ అనే చిన్న ఊళ్ళో పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరిగారు. 1967లో రియోలో జరిగిన అంతర్జాతీయ పాటల పోటీలో ‘ట్రవెసియా’కు రెండో బహుమతి రావడంతో దేశమంతా ఆయన పేరు తెలిసింది. 1972లో లో బోర్జెస్‌తో కలిసి ‘క్లూబే డా ఎస్కినా’ అనే జంట రికార్డు చేశారు. దేవుడే పాడితే మిల్టన్ గొంతుతో పాడతాడని గాయని ఎలిస్ రెజీనా అన్న మాట బ్రెజిల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తొంభైల మొదట్లో న్యూయార్క్‌లో ఆయనను మొదటిసారి విన్నాను. గిటారు పట్టుకుని నిలబడి, మంద్రంలో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టి, ఎక్కడా అతుకు కనబడకుండా తారస్థాయికి వెళ్ళిపోయేవారు. ఆ తరువాత మధుమేహంతో బాగా చిక్కిపోయి, కోలుకుని, మళ్ళీ పాడినప్పుడూ విన్నాను. 2022లో విన్న మనిషి వేరు. కుర్చీలో కూర్చుని పాడారు. పక్కన జే ఇబర్రా అనే యువ గాయకుడు గిటారు వాయిస్తూ పైస్థాయి పంక్తులు చాలావరకు తాను అందుకున్నాడు. మిల్టన్ గొంతు మధ్యస్థాయిలోనే, కొన్నిచోట్ల మాటకు దగ్గరగా నడిచింది. ఇవన్నీ నిజాలు. అయినా నేను చూసిన మిల్టన్ కచేరీలన్నిటిలో దాన్ని తక్కువదిగా లెక్కపెట్టలేను.

శ్రుతిపెట్టె:

పాతరికార్డు గారూ, మీ అభిమానం అర్థమవుతోంది. కానీ మీ మిత్రుడే సరిగ్గా చెప్పారని నా అభిప్రాయం.

నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, పిల్లలకు నేర్పుతున్నదాన్ని. వయసు పెరిగాక శ్రుతి దించుకోవడం మా దగ్గర తప్పు కాదు. రాగజ్ఞానం, మనోధర్మం ఉన్నవారు ఒక స్థాయిలోనే ఆడుకుంటూ గంటసేపు కూర్చోబెట్టగలరు. మిల్టన్ విషయం అది కాదు. ఆయన సంగీతంలో గొంతే వస్తువు. 1973 నాటి ‘మిలాగ్రే డోస్ పేషిస్’ రికార్డు సంగతి మీకు తెలిసే ఉంటుంది. సైనిక ప్రభుత్వపు సెన్సారు అందులో కొన్ని పాటల సాహిత్యం కొట్టేసింది. అయితే ఆ పాటలు ఆపుకోలేదు ఆయన. మాటల్లేకుండా, కేకలతో, కూనిరాగాలతో, ఆర్తితో పాడి రికార్డు విడుదల చేశారు. మాటలు లాగేసుకున్నా గొంతు ఒక్కటే నిలబడి అంతా చెప్పింది. అటువంటి మనిషి దగ్గర ఆ గొంతే లేనప్పుడు, ఆ పాటలను ఆ పేరుతోనే ఎందుకు పాడాలి?

మన ఎస్. జానకి గారు 2016లో ఇక పాడనని ప్రకటించినప్పుడు ఎంతమంది బాధపడ్డారో గుర్తుంది. నాకు మాత్రం ఆ నిర్ణయం మీద గౌరవం పెరిగింది. తన గొంతు గురించి తనకన్నా ముందు లోకం మాట్లాడకూడదనుకున్నారు.

తేజోతీరం:

నేను చదువు కోసం లిస్బన్ వచ్చాను. మిల్టన్‌ను ఒక్కసారే చూశాను, 2022లో ఇక్కడే. మీరిద్దరూ మాట్లాడుతున్న ఆ పాత గొంతును నేను ఎదురుగా వినలేదు, వినే అవకాశం నా వయసువాళ్ళకు ఎప్పుడూ లేదు. పదేళ్ళ ముందే ఆపేసి ఉంటే నాకు దక్కేది యూట్యూబు మాత్రమే.

ఇంకొకటి. ఆ రోజు హాలులో చాలామంది ఇక్కడ పనిచేసుకుంటున్న బ్రెజిల్ వలసవాళ్ళు. ‘మరియా, మరియా’ వచ్చేసరికి మొదటి వరుస నుంచి చివరి బాల్కనీ దాకా అందరూ లేచి పాడారు. నా పక్కనున్న పెద్దావిడ ఏడుస్తూనే పాడింది, ఒక్క మాట తప్పలేదు. అది పాత రోజుల మీద బెంగ అని నేను అనుకోను. ఆ పాట కష్టపడి బతికే స్త్రీ గురించి. ఆవిడ తన గురించే పాడుకుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ పాట చేసినవాడు కావడం వల్లే అది జరిగింది. వేరొకరు ఎంత బాగా పాడినా అలా జరిగేది కాదు.

శ్రుతిపెట్టె:

తేజోతీరం గారూ, మీరు చెప్పింది శ్రోతల సంగతి. శ్రోతలు గొప్పవాళ్ళు, కాదనను. మినెయిరావ్‌లోనూ వేలాదిమంది పాడారు. కానీ జనం పాడితే గాయకుడు పాడినట్టు అవుతుందా? టిక్కెట్టు మీద ఉన్నది ఎవరి పేరు? మనకు ఒకరి మీద ఉన్న ప్రేమ, ఆ పూట మన చెవిలో పడ్డదాన్ని సరిగ్గా విననివ్వదు. సంగీతం తెలిసినవాళ్ళు ఆ రెంటినీ విడదీసి చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

ఆరుతీగలు:

హైదరాబాదు నుంచి. గిటారు వాయిస్తాను, ఇరవై ఏళ్ళుగా బ్రెజిల్ సంగీతమే నా లోకం. రెండు వైపులా గౌరవంతోనే చెబుతున్నాను, ‘ముసలి గాయకులు’ అని అందరినీ ఒకే గాట కట్టడం వల్ల ఈ వాదన తేలడం లేదు.

బ్రెజిల్‌లోనే ఇంకో ముగ్గురు పెద్ద గాయకులను చూడండి. జోవావ్ జిల్బెర్టో మొదటినుంచీ గుసగుసలాంటి గొంతుతోనే పాడారు. వయసు ఆయన దగ్గర దోచుకోగలిగింది తక్కువ. షికో బువార్కే దగ్గర ప్రాణం సాహిత్యంలో ఉంది, గొంతు ఎప్పుడూ ఆ సాహిత్యాన్ని మోసే వాహనమే. జిల్బెర్టో జిల్ సంగతి కుడిచేతిలో ఉంది. ‘ఎక్స్‌ప్రెస్సో 2222’ పాటలో ఆ గిటారు లయ విన్నవారికి నేను చెప్పేది తెలుస్తుంది. 2025లో సాల్వడోర్‌లో ‘టెంపో రే’ అనే వీడ్కోలు యాత్ర మొదలుపెట్టేనాటికి ఆయనకు ఎనభై రెండు. గొంతు పలచబడింది, చెయ్యి మాత్రం అలాగే ఉంది. వేదిక మీద కొడుకులు బేమ్ గిటారు, జోసే డ్రమ్స్.

మిల్టన్ దగ్గరే చిక్కు. గొంతే ఆయన వాద్యమన్న శ్రుతిపెట్టె గారి మాట నిజం. కానీ అదొక్కటే నిజం కాదు. ‘క్లూబే డా ఎస్కినా’ అంటే ‘వీధి మూల బృందం’. బెలో హొరిజొంతేలో ఒక వీధి మూలన చేరిన కుర్రాళ్ళు వాళ్ళు: లో బోర్జెస్, బేటో గెడెస్, టోనిన్యో హోర్టా, వాగ్నర్ టిజో, మాటలు రాసే ఫెర్నాండో బ్రాంట్. 1972 రికార్డు చేసేనాటికి మిల్టన్ పేరున్న గాయకుడు, లో బోర్జెస్ ఇరవై ఏళ్ళ కుర్రాడు. అయినా రికార్డు మీద ఇద్దరి పేర్లూ సమానంగా వేయించారు. లో బోర్జెస్ తన పాటలు చాలావరకు తానే పాడాడు. 1975 నాటి ‘పోంటా డి అరేయా’ పిల్లల గొంతులతో మొదలవుతుంది. సముద్రం దాకా వెళ్ళే రైలును ఆపేస్తే ఊళ్ళు ఏమైపోయాయో చెప్పే పాట అది. అంటే పాటను పక్కవాళ్ళ గొంతుల్లోకి పంచడం మిల్టన్ ముసలితనంలో నేర్చుకున్న ఉపాయం కాదు, ముప్పై ఏళ్ళ వయసు నుంచీ ఆయన పద్ధతే అది. 2022లో జే ఇబర్రా చేసిన పనిని ఆ వరుసలో పెట్టి వినండి.

శ్రుతిపెట్టె:

ఆరుతీగలు గారూ, మంచి మాట చెప్పారు, ఆలోచించాను. అయినా ఒక తేడా ఉంది. 1972లో పంచుకున్నది ఉన్నవాడు ఇచ్చిన చోటు. 2022లో పంచుకున్నది లేనిచోట నింపుకున్నది. వినేవాళ్ళకు ఆ రెండూ ఒకేలా వినిపించవు.

నాకు ఇంకో బాధ కూడా ఉంది. ఎనభై ఏళ్ళ మధుమేహ రోగిని మూడు ఖండాలు తిప్పడం మీకెవరికీ కష్టంగా అనిపించలేదా? మన ఇంట్లో పెద్దవాళ్ళయితే పొరుగూరి పెళ్ళికి కూడా వద్దంటాం. 2025 అక్టోబరులో ఆయనకు మతిమరుపు వ్యాధి నిర్ధారణ అయిందని కుటుంబం ప్రకటించినప్పటినుంచి ఆ వీడ్కోలు కచేరీల వీడియోలు చూడలేకపోతున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. చూడలేకపోతున్నాను, అంతే.

మల్లెతీగ:

శ్రుతిపెట్టె గారూ, పెద్దవాళ్ళను పెళ్ళికి వద్దనడం మన సౌకర్యానికా, వాళ్ళ మంచికా? మా నాన్నగారిని చూసుకున్న అనుభవంతో అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. వెళ్తానని ఆయనే అన్నప్పుడు ఆపే హక్కు మనకు ఎక్కడినుంచి వచ్చింది? ‘వీడ్కోలు వేదికకే, సంగీతానికి ఎన్నటికీ కాదు’ అని మిల్టన్ స్వయంగా చెప్పి బయలుదేరారు.

నా అభ్యంతరం గొంతు మీద కాదు, స్టేడియం మీద. జిల్‌ను చిన్న థియేటర్లో గిటారుతో ఒక్కడిగా విన్నాను. వేళ్ళు తీగ మీద జారే చప్పుడు కూడా వినబడింది. అటువంటి మనిషిని స్టేడియంలో తెర మీద చూడటం నాకు సగం చూసినట్టే. పలచబడిన గొంతుకు చిన్న హాలు కావాలి.

ఆరుతీగలు:

మల్లెతీగ గారూ, సంగీతపరంగా ఒప్పుకుంటాను. కానీ ‘టెంపో రే’లో ‘కాలిసి’ పాట సంగతి చూడండి. 1973లో సావో పాలోలో ఒక రికార్డు సంస్థ పెట్టిన ఉత్సవంలో జిల్, షికో కలిసి ఆ పాట పాడబోతే మైకులు ఆపేశారు. అప్పుడు ఏం జరిగిందో ఈ యాత్రలో షికో తెర మీద చెప్పారు, ఆ తరువాత జిల్ పాడారు. ఒకప్పుడు నోరు నొక్కిన పాటను అంతమంది మధ్య, పెద్ద మైకుల్లో వినిపించడానికి స్టేడియమే సరైన చోటు కాదా?

అలాగే 2025 ఏప్రిల్‌లో సావో పాలోలో కూతురు ప్రెటా జిల్ వచ్చి తండ్రితో ‘డ్రావ్’ పాడింది. అప్పటికే ఆమె క్యాన్సరుతో పోరాడుతోంది, జులైలో పోయింది. ఆ పాటలో జిల్ గొంతు ఎంత స్వచ్ఛంగా ఉందని కొలిచే మనసు నాకు లేదు.

పాతరికార్డు:

ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు సంతోషం. శ్రుతిపెట్టె గారి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలి.

మిల్టన్ చాలాసార్లు చెప్పుకున్న సంగతి ఒకటి ఉంది. చిన్నప్పుడు ఆయనకు ఆడవాళ్ళు పాడే పాటలే ఇష్టం. మగవాళ్ళు హృదయంతో పాడరని అనుకునేవారట. గొంతు మారే వయసు దగ్గరపడుతుంటే కుమిలిపోయారు. ఆ రోజుల్లో రేడియోలో రే చార్ల్స్ పాట విని, మారిన గొంతుతోనూ ఇలా పాడవచ్చా అని కుదుటపడ్డారు. లోకం మెచ్చిన ఆ గొంతు, చిన్నప్పటి గొంతు పోయిన తరువాత వచ్చినదే. ఒక గొంతు పోతే ఉన్నదానితో పాడటం ఆయనకు ముసలితనంలో ఎదురైన కొత్త పరీక్ష కాదు. మీరు ‘లేనిచోట నింపుకున్నది’ అన్నారు. నాకు వినబడింది ఉన్నదానితో పాడటం. మంద్రంలో ఆయన ఒక్కొక్క మాటను ఆపి ఆపి పలికినప్పుడు, కుర్రతనంలో ఆ స్వరం మీదుగా ఎగిరిపోయిన చోట్లు ఇప్పుడు అర్థమయ్యాయి.

‘నోస్ బైలెస్ డా వీడా’ అనే పాటలో, కళాకారుడు జనం ఉన్నచోటికి వెళ్ళాలని బ్రాంట్ రాశారు, మిల్టన్ నలభై ఏళ్ళు పాడారు. యాత్ర చివరన మినెయిరావ్‌లో పాత మిత్రులు లో బోర్జెస్, బేటో, టోనిన్యో, వాగ్నర్ వచ్చి పక్కన నిలబడ్డారు. నాలుగు రోజుల ముందే గాయని గాల్ కోస్టా పోయారు, ఆ రాత్రిని ఆమెకు అంకితం చేశారు. 2025 నవంబరులో లో బోర్జెస్ కూడా పోయారు. పదేళ్ళ ముందే ఆగి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు.

పెద్దవాళ్ళను పక్కకు జరిపే అలవాటు లోకానికి ఎలాగూ ఉంది. అమెరికన్ జాజ్ గాయని ఎస్పెరాన్సా స్పాల్డింగ్‌తో మిల్టన్ 2024లో చేసిన రికార్డు గ్రామీ పోటీకి వెళ్ళింది. వేడుకలో ఆమెకు ముందు బల్ల దగ్గర చోటిచ్చి ఆయనకు ఇవ్వలేదు. ఆమె ఆయన బొమ్మను పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇంకా పాడగలనన్న మనిషిని ఆపమని చెప్పే పని మనం కూడా చేయడం నాకు ఇష్టం లేదు.

శ్రుతిపెట్టె:

ఆ 2024 రికార్డు నిన్న రాత్రి పూర్తిగా విన్నాను. అందులో వృద్ధుడి గొంతు దగ్గరగా ఉంది. ఎస్పెరాన్సా దాని మీదికి రాకుండా, చుట్టూ తిరుగుతూ పాడింది. ఊపిరి తీసుకునే చోట్లు దాచలేదు. అక్కడ నాకు అభ్యంతరం లేదు, బాగుంది కూడా. రికార్డింగు గదిలో అలిసినప్పుడు ఆగవచ్చు, మర్నాడు మళ్ళీ పాడవచ్చు. వేదిక ఆ వెసులుబాటు ఇవ్వదు. వేదిక గురించి నా మాట నేను మార్చుకోవడం లేదు.

కానీ రే చార్ల్స్ సంగతి నాకు తెలియదు. గొంతు మారుతోందని దిగులుపడే పిల్లలు నా దగ్గర ఇద్దరు ఉన్నారు. వాళ్ళకు చెబుతాను.

పాతరికార్డు:

చెప్పండి. 1974లో సావో పాలో మునిసిపల్ థియేటర్లో వాద్యబృందంతో చేసిన ప్రత్యక్ష రికార్డు కూడా వాళ్ళకు వినిపించండి. వేదిక గురించి మన వాదన ఇక్కడే ఉండనివ్వండి. ‘టెంపో రే’కు వెళ్ళినవారు ఎవరైనా ఉంటే వచ్చి రాయాలని కోరుతున్నాను.