పాతిపెట్టడానికే అయితే అడవిపందిని కాల్చడం న్యాయమేనా?

కుప్పం కుర్రోడు (మారతహళ్ళి):
మా ఆఫీసులో వయనాడ్ అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. కేరళలో 2022 నుంచి పొలాల మీద పడే అడవిపందుల్ని కాల్చడానికి పంచాయతీ అధ్యక్షుడే అనుమతి ఇవ్వొచ్చట. కానీ కాల్చినదాన్ని తినకూడదు, పాతిపెట్టాలి. నాకెందుకో మనసొప్పడంలేదు. తిననప్పుడు చంపడమెందుకు?

పప్పుచారు సుబ్బు (జయనగర్):
ముమ్మాటికీ తప్పే. బెంగళూరు ప్యాలెస్‌లో గోడకున్న ఏనుగు తల చూశారా? "మిగతా ఏనుగు గోడకి అవతల ఉందా నాన్నా?" అని అడిగింది మా పాప. ఇవాళ మనం సఫారీకి వెళ్ళే బందీపూర్ కూడా ఒకప్పుడు మైసూరు రాజుల వేటభూమే. ఆకలై చంపారా వాళ్ళు?

శెనక్కాయల శీన (పలమనేరు, ప్రస్తుతం కె.ఆర్.పురం):
సుబ్బు గారూ, రాజుల సరదానీ మా నాయన బాధనీ ఒకే గాటన కట్టకండి. మొన్న కాయ ఊరేవేళకి ఊళ్ళో అమ్మలక్కల పాత చీరలన్నీ అడిగి తెచ్చి చేను చుట్టూ కట్టినాం. మంగలి షాపు నుంచి గోతాంలో వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లినాం. నాలుగు రాత్రులు రాలేదు. అయిదో రాత్రి చీర కిందనుంచే దూరినాయి. తెల్లారి చూస్తే దుక్కి దున్నినట్టుంది, పొట్టు తప్ప గింజ లేదు. పక్కచేనాయన కరెంటు తీగ లాగినాడు, దానికి పడింది ఆయన ఎద్దే. ఇక నాటుబాంబు కొరికిన పంది దవడ లేకుండా ఎంతసేపు తిరుగుతుందో చూసినోళ్ళకి తెలుసు. వీటికన్నా చేయి తిరిగిన షూటర్ ఒక్క గుండుతో ముగిస్తే నయం కాదా? తరవాత మనం తిన్నామా పాతినామా అన్నది మన కడుపు సంగతి. పందికేం తేడా?

కుప్పం కుర్రోడు:
సరే అన్నా, అయితే తిననివ్వొచ్చు కదా? అంత మాంసం మట్టిపాలు చేయడం పాపం కాదూ?

లాయరమ్మ (మల్లేశ్వరం):
తిననిస్తే పంట లేని ఊళ్ళో కూడా పందులు పంట మేసినట్టు అర్జీలొస్తాయి బాబూ! మాంసానికి ధర పలికిందంటే ఆగడం ఎవరి తరం? పాతిపెట్టమనడంలో ఉన్న తెలివి అదే. అలాగని షూటర్లకి పూర్తిగా వదిలేయమనను. 2016లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాద్ షూటర్లని పిలిపించి 200కి పైగా మనుబోతుల్ని (నీల్‌గాయ్‌లని) కాల్పించారు. ఆ విషయం మీద ఇద్దరు కేంద్రమంత్రులే బాహాటంగా మాటామాటా అనుకున్నారు. శీనా, నీ చేలో పడ్డ పందేదో, అడవిలో తనమానాన తిరిగే పందేదో ఆ షూటర్ ఎలా పోలుస్తాడయ్యా?

శెనక్కాయల శీన:
పోల్చలేడక్కా, ఒప్పుకుంటా. చేలో దిగినదాన్నే, చేలోనే కాల్చాలి. రాత్రి మా నాయనకి ఫోన్ చేసి అడిగినా, "అనుమతిస్తే కాల్పించి పాతిపెడతావా?" అని. "పాతడం సరే, గుంత ఎవరు తవ్వాలంట?" అన్నాడు.