ఓల్డ్స్-డిడ్స్‌బరీ-త్రీ హిల్స్: ఈ సీటు ఎప్పుడూ ఒకే పార్టీదేనా?

కెనోలా చేను:
కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రంలో కాల్గరీ నుంచి ఓల్డ్స్‌కి మారాం, మా నియోజకవర్గం ఓల్డ్స్-డిడ్స్‌బరీ-త్రీ హిల్స్. ఈ మధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది, ఆల్బెర్టా అసెంబ్లీకి మొదటిసారి ఓటు వేయబోతున్నాను. 2023 ఫలితం చూస్తే ఇక్కడ యూసీపీకి (యునైటెడ్ కన్జర్వేటివ్ పార్టీ) సుమారు 75 శాతం ఓట్లు! మా వీధిలో ఒక పెద్దాయన్ని అడిగితే "ఇక్కడ ఎప్పుడూ ఇంతే" అన్నారు. నిజమేనా? ఇంత కంచుకోటలో నా ఓటుతో ఒరిగేదేముంది? చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ప్రెయిరీ పంతులు:
సగమే నిజమండి. ఈ ఊళ్లు ఒక పార్టీని పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలవు, వదిలితే మాత్రం ఒక్కసారిగా వదిలేస్తాయి. మొదట్లో ఓల్డ్స్ లిబరల్ సీటు. 1909 నుంచి ఇక్కడి ఎమ్మెల్యే డంకన్ మార్షల్, వ్యవసాయ మంత్రి కూడా. మీ ఊళ్లో ఉన్న ఓల్డ్స్ కాలేజీ ఆయన హయాంలోనే, 1913లో వ్యవసాయ పాఠశాలగా మొదలైంది. అంత చేసిన మంత్రిని కూడా 1921లో రైతుల పార్టీ యునైటెడ్ ఫార్మర్స్ ఓడించింది. తర్వాత 1935లో, జనం అప్పుల్లో మునిగిన రోజుల్లో, సోషల్ క్రెడిట్ అనే కొత్త పార్టీ గాలి వీచింది. ఆ పార్టీ నుంచి బాబ్ క్లార్క్ 1960 ఉప ఎన్నికలో 23 ఏళ్లకే గెలిచి 1981 దాకా ఉన్నారు. 1971లో రాష్ట్రమంతా పీటర్ లౌగీడ్ కన్జర్వేటివ్‌ల వైపు వెళ్లిపోయింది. 1975లో సోషల్ క్రెడిట్‌కు మిగిలినవి నాలుగే సీట్లు, అందులో ఇదొకటి.

క్లార్క్ తప్పుకున్నాక 1982 ఫిబ్రవరి 17న జరిగిన ఉప ఎన్నికలో గెలిచిందెవరో తెలుసా? పశ్చిమ కెనడాను వేరే దేశం చేయాలన్న వెస్టర్న్ కెనడా కాన్సెప్ట్ అభ్యర్థి గోర్డన్ కెస్లర్. అధికారంలో ఉన్న కన్జర్వేటివ్‌లకు మూడో స్థానం.

సండ్రె దారి:
పంతులుగారు చెప్పింది కరెక్టే, కానీ దాన్ని వేర్పాటువాదం గెలుపుగా మాత్రం చూడకండి. 1980 అక్టోబర్‌లో ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, నేషనల్ ఎనర్జీ ప్రోగ్రామ్ తెచ్చింది. చమురు ధర మీద, ఆదాయం మీద కేంద్రం చెయ్యి వేసేసరికి డ్రిల్లింగ్ రిగ్గులు సరిహద్దు దాటి అమెరికాకు పోయాయి, వాటి మీద బతికే కుటుంబాలు రోడ్డున పడ్డాయి. కెస్లర్ కూడా చమురు రంగం మనిషే. కోపం ఒట్టావా మీద, దెబ్బ మాత్రం రాష్ట్రాన్ని ఏలుతున్న లౌగీడ్‌కు తగిలింది. ఆయన వెంటనే సర్దుకుని, నవంబర్ 2 ఎన్నికల్లో 79కి 75 సీట్లు కొట్టారు. కెస్లర్ హైవుడ్ నియోజకవర్గానికి మారి ఓడిపోయారు, ఫిబ్రవరిలో మూడో స్థానంలో ఉన్న కన్జర్వేటివ్ అభ్యర్థి స్టీఫెన్ స్టైల్స్ ఇక్కడ గెలిచారు. మన తెలుగుదేశం పుట్టింది కూడా అదే ఏడాది మార్చిలో. అక్కడ తొమ్మిది నెలల్లో అధికారం చేతికొస్తే, ఇక్కడ అంతకంటే తక్కువ రోజుల్లోనే కెస్లర్ పార్టీ గాలి పోయింది.

అల్లం టీ:
ఈమధ్య కథ కూడా చెప్పాలిగా. 2012లో వైల్డ్‌రోజ్ (2017లో కన్జర్వేటివ్‌లతో కలిసి యూసీపీగా మారిన పార్టీ) నుంచి గెలిచిన బ్రూస్ రో, 2014 డిసెంబర్‌లో అప్పటి వైల్డ్‌రోజ్ నాయకురాలు డానియెల్ స్మిత్‌తో కలిసి అధికారంలో ఉన్న కన్జర్వేటివ్‌లలోకి గోడ దూకేశారు. ఐదు నెలలు తిరక్కుండానే జనం మళ్లీ వైల్డ్‌రోజ్‌నే ఎన్నుకుని నేథన్ కూపర్‌ను పంపారు. తర్వాత అసెంబ్లీ స్పీకర్ అయింది ఆయనే. ఆయన ఆల్బెర్టా ప్రతినిధిగా వాషింగ్టన్ వెళ్తూ రాజీనామా చేస్తే 2025 జూన్ 23న ఉప ఎన్నిక వచ్చింది. ఆక్మే దగ్గర ధాన్యం పండించే టారా సాయర్ యూసీపీ తరఫున 61 శాతం దాకా తెచ్చుకున్నారు. ఎన్‌డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీ) ఇంచుమించు 20. స్వతంత్ర ఆల్బెర్టా అంటూ దిగిన రిపబ్లికన్ పార్టీకి దాదాపు 18 శాతం పడింది, అది కూడా వాళ్ల నాయకుడు కామెరాన్ డేవిస్ స్వయంగా నిలబడితే. రెండేళ్లలో యూసీపీ వాటా అంత తగ్గింది, దాన్ని ఆ పార్టీ తప్పకుండా లెక్కేసుకుని ఉంటుంది. కాబట్టి గెలుపోటములు మారకపోయినా మీ ఓటు వృథా కాదు.

ఇంకోటి, ఇలాంటి చోట్ల అసలు పోటీ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే దగ్గరే (దాన్నే ఇక్కడ నామినేషన్ అంటారు) ఉంటుంది. అక్కడ ఓటేసేది పార్టీ సభ్యులే, వందల ఓట్లతో తేలిపోవచ్చు.

కెనోలా చేను:
థాంక్సండీ అందరికీ. సభ్యత్వం ఎప్పుడు తీసుకున్నా నామినేషన్‌లో ఓటేయొచ్చా?

అల్లం టీ:
లేదండి, కటాఫ్ తేదీ పెడతారు, అది దాటితే కుదరదు. మీకు నచ్చిన పార్టీ ఏదైనా సరే, ఇక్కడి నియోజకవర్గ సంఘానికి ఇప్పుడే మెయిల్ పెట్టి అడగండి.