సైన్యం రాజుదే అయితే మాగ్నా కార్టాకి ఎందుకు తలొగ్గాడు?

రాత్రిబండి:
రాజు అధికారానికి హద్దులు పెట్టిన చార్టర్ (హామీ పత్రం) మాగ్నా కార్టా గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 1215 జూన్ 15న థేమ్స్ ఒడ్డున రన్నీమీడ్ అనే పచ్చికబయల్లో ఇంగ్లండ్ రాజు జాన్ దానికి ఒప్పుకున్నాడు, సరే. ఆగస్టు 24కల్లా పోప్ మూడో ఇన్నోసెంట్ అది చెల్లదని కొట్టేశాడు, అదీ జాన్ అడిగాడనే. ఆ వెంటనే అంతర్యుద్ధం. పది వారాల్లో చెల్లకుండా పోయిన కాగితాన్ని చూపించి రాజుల అధికారానికి కళ్లెం పడింది ఇక్కడే అంటారేంటి? అసలు సైన్యం, ఖజానా రెండూ రాజువే అయినప్పుడు మాట తప్పితే అడిగేవాడెవడు? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కోటగోడ:
మీ చిక్కంతా ఆ ఆఖరి ప్రశ్నలోనే ఉందండి. సైన్యం రాజుది కాదు. ఏడాది పొడవునా జీతమిచ్చి పోషించే పెద్ద సైన్యం అప్పట్లో ఏ రాజుకీ లేదు, రాజు దగ్గర భూములు పొందిన బ్యారన్లు అనే పెద్ద ప్రభువులు తమ గుర్రపు యోధుల్ని వెంటబెట్టుకుని వస్తేనే యుద్ధం, రానివాళ్లు బదులుగా స్కూటేజ్ అని డబ్బు కట్టాలి. కోటల్లో చాలావరకు బ్యారన్లవే. అంటే రాజు ఎవరినైతే అదుపులో పెట్టాలో వాళ్లే ఆయన సైన్యం.

జాన్ 1204లో నార్మండీని ఫ్రాన్స్ రాజుకి పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదలతో పదేళ్లు జనాన్ని పిండేశాడు. ఉదాహరణకి తండ్రి చనిపోతే కొడుకు ఆస్తి చేతికి తీసుకునేటప్పుడు రాజుకి రిలీఫ్ అనే సొమ్ము కట్టాలి, ఒక బ్యారన్‌కి సుమారు 100 పౌండ్లు న్యాయం అనుకునేవాళ్లు. నికొలస్ డి స్టూట్‌విల్ అనే ఆయన మీద జాన్ వేసింది 10,000 మార్కులు. మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు, లెక్క మీరే వేసుకోండి. ఇంత పిండి చేసిన యుద్ధం కాస్తా 1214 జులైలో బూవీన్ దగ్గర జాన్ మిత్రులు చిత్తుగా ఓడిపోవడంతో మట్టిపాలైంది. డబ్బూ పోయింది, పరువూ పోయింది. మరుసటి మే నెలలో లండన్ తిరగబడ్డ బ్యారన్ల చేతికి వచ్చేసరికి జాన్‌కి వేరే దారి లేకపోయింది.

రాత్రిబండి:
ఓహ్, ఈ కోణం తట్టలేదు. కానీ పోప్ కొట్టేశాక కూడా అది ఎలా బతికింది?

పాతచిట్టా:
జాన్ చనిపోయాడు కాబట్టి! నిజంగానే అంతే. 1216 అక్టోబరులో జాన్ పోయాడు, కొడుకు మూడో హెన్రీకి తొమ్మిదేళ్లు, సగం దేశం శత్రువుల చేతిలో ఉంది. బ్యారన్లని మన వైపు తిప్పుకోవాలంటే ఏం చేయాలి అని చూసి, పిల్లవాడి తరఫున పాలిస్తున్న విలియం మార్షల్ నవంబరులో అదే చార్టర్‌ని మళ్లీ విడుదల చేశాడు. తమాషా ఏంటంటే దాని మీద పోప్ ప్రతినిధి ముద్ర కూడా ఉంది, ఏడాది క్రితం పోపే కొట్టేసిన కాగితం అది.

ఇంకో మాట, అందులోంచి 61వ నిబంధన తీసేశారు. మొదటి చార్టర్‌లో అసలు పళ్లున్నది దానికే: 25 మంది బ్యారన్లు కాపలా ఉంటారు, తప్పు జరిగిందని చెప్పాక 40 రోజుల్లో రాజు సరిదిద్దకపోతే ఆయన కోటల్నీ భూముల్నీ పట్టుకోవచ్చు, రాజు, రాణి, పిల్లల ఒంటి మీద మాత్రం చెయ్యి పడకూడదు. చట్టం పేరుతో యుద్ధానికి అనుమతి ఇచ్చినట్టే, నిలవకపోవడంలో ఆశ్చర్యమేముంది. దాని బదులు పనిచేసింది బేరం. 1225లో హెన్రీకి డబ్బు కావాల్సొచ్చింది, కదిలే ఆస్తిలో పదిహేనో వంతు పన్నుగా ఇస్తాం, చార్టర్ మళ్లీ ఇవ్వు అన్నారు బ్యారన్లు, ఇచ్చాడు. 1242లో ఫ్రాన్స్ మీద యుద్ధానికి డబ్బడిగితే ఇవ్వం పొమ్మన్నారు. 1297లో ఒకటో ఎడ్వర్డ్‌దీ ఇదే కథ, అందరి సమ్మతి లేకుండా అలాంటి పన్నులు వేయనని రాసివ్వాల్సి వచ్చింది. నన్నడిగితే 1215 కంటే 1225 ముఖ్యం, కానీ దానికి పచ్చికబయలు సీను లేదు కదా, పాపం ఎవరికీ గుర్తుండదు.

దీపస్తంభం:
అంతా డబ్బే అంటే నేను ఒప్పుకోను. 1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగో హెన్రీ కనోసా కోట ముందు మంచులో మూడు రోజులు క్షమాపణ కోసం నిలబడింది పన్ను కోసం కాదు. పోప్ ఏడో గ్రెగరీ ఆయన్ని చర్చి నుంచి వెలివేసి, ప్రజలు రాజుకి చేసిన ప్రమాణం ఇక చెల్లదన్నాడు. ప్రమాణం పోతే సామంతుడికి రాజు ఎవరో అయిపోతాడు. రాజుకి పైన ఇంకొకటి ఉందన్న ఆలోచన ముందు లేకపోతే బ్యారన్లు బేరానికి కూర్చునేవాళ్లే కాదు. ఇది ఇంగ్లండ్ సొత్తేమీ కాదు కూడా. 1188లో లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సో సభకి పట్టణాల ప్రతినిధులూ వచ్చారు. 1222లో హంగరీ రాజు ఇచ్చిన గోల్డెన్ బుల్ అనే పత్రం అయితే రాజు మాట తప్పితే ఎదిరించినా అది రాజద్రోహం కాదని ప్రభువులకి రాసిచ్చింది.

పాతచిట్టా:
కనోసా ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది. అదే హెన్రీ తర్వాత సైన్యంతో రోమ్ మీద పడ్డాడు, గ్రెగరీ 1085లో సలెర్నోలో ప్రవాసంలోనే చనిపోయాడు. ఆలోచన ఉంటుంది, కాదనను, అది ఊరికే నిలబడదు. ఫ్రాన్స్ చూడండి. అక్కడా రాజు ప్రతినిధుల్ని పిలిచే సభ 1302 నుంచి ఉంది. కానీ ఇంగ్లండ్‌తో జరిగిన నూరేళ్ల యుద్ధం ఆఖర్లో ఏడో చార్లెస్ తాయ్ అనే పన్నుని ఏటేటా తన ఇష్టం మీదే వసూలు చేసేలా చేసుకున్నాడు, 1445లో ఆ డబ్బుతో శాశ్వత సైన్యం పెట్టాడు. రాత్రిబండి గారు మొదట అడిగిన రాజు, సైన్యమూ ఖజానా తన చేతిలోనే ఉన్నవాడు, అప్పటికి తయారయ్యాడు. ఇక అడగాల్సిన పనేముంది, 1614 తర్వాత 1789 దాకా ఆ సభని పిలవనే లేదు.

రాత్రిబండి:
ఇది చదివాక చార్టర్ మళ్లీ తెరిచాను. తోటివారి తీర్పు లేకుండా స్వేచ్ఛాజీవిని బంధించకూడదన్న 39వ నిబంధనకి కాస్త ముందే, 33లో, థేమ్స్, మెడ్‌వే నదుల్లో చేపల కోసం కట్టిన అడ్డుకట్టలన్నీ పీకేయాలని ఉంది. ఇదేంటండీ మధ్యలో?

కోటగోడ:
పడవలకి అడ్డమని. కోపం వచ్చినవన్నీ రాసుకుంటూ పోయారు.