జల్దుకొనా, జల్డుకొనా?

కోట జంక్షన్: అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచీ ఒక పాదం బుర్ర తినేస్తోంది, కాస్త తేల్చండి. కరోనా లాక్‌డౌన్ మళ్లీ మే 17 దాకా పొడిగించారని విన్నప్పటి నుంచి మా నాన్నగారు వాలుకుర్చీ దిగడం లేదు. ఆదివారమని గుర్తు చేయడానికి ఇంట్లో మాంసం కూర కూడా లేదు, పనసపొట్టుతో సరిపెట్టాం. "ఏంటి నాన్నా, అలా ఈసురోమంటూ కూర్చున్నారు" అన్నాను. అంతే, "ఈసురోమని మనుషులుంటే దేశమేగతి బాగుపడునోయ్" అని గురజాడ దేశభక్తి గీతం అందుకున్నారు. బడిపంతులు కదా, రిటైరయింది ఉద్యోగమే. ఆ తర్వాతి పాదం దగ్గర ఇద్దరికీ చెడింది. నేను "జల్దుకొని కళలెల్ల నేర్చుకు" అన్నాను. ఆయన "జల్డుకొని" అంటారు. పుస్తకం అటక మీద ఎక్కడో ఉంది, లైబ్రరీ మూసేశారు. దకారమా, డకారమా? అసలు ఆ మాటకి అర్థమేంటి?

బొబ్బిలి మాస్టారు: దకారమే, అనుమానం అక్కర్లేదు. ఉర్దూ జల్దీ. త్వరపడి, చురుకు తెచ్చుకుని అని. గురజాడ ఉన్న విజయనగరం సంస్థానంలో ఉర్దూ, పారసీ మాటలకి కరువా? హాజరు, జవాబు, దస్తావేజు ఎక్కడివి?

నాగావళి ఒడ్డు: మాస్టారూ, జల్దీకి 'కొను' ఎలా అంటుకుంది? "త్వరపడి" అంటాం గాని "త్వరకొని" అని మీ క్లాసులో ఎవరైనా రాస్తే మార్కులు వేసేవారా?

బొబ్బిలి మాస్టారు: "వడిగొని" లేదా? "ఆకలిగొని" లేదా?

నాగావళి ఒడ్డు: అదేనండీ నేననేది. అవి "గొని". ఇక్కడ "కొని". నా లెక్కలో ఇది ఉర్దూ కాదు, మన పల్లెమాట ఏదో అచ్చులో దెబ్బతింది. లకారం కింద ద వత్తూ డ వత్తూ పక్కపక్కన పెట్టి చూడండి. పాత అచ్చులో, అందులోనూ సిరా కొంచెం ముద్దయితే, కంపోజిటరుకే తెలియదు. ఇక మనమెంత?

గణాల పిచ్చి: లెక్క వేశాను. జల్దు మూడు మాత్రలు, కొనికళ నాలుగు, లెల్ల మూడు, నేర్చుకు నాలుగు. ద పెట్టినా డ పెట్టినా మాత్ర కదలదు, ముత్యాలసరం, అంటే ఈ గీతం నడిచే ఛందస్సు, ఈ తగువులో సాక్ష్యం చెప్పదు. మీరెవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది. ఒకే పాదంలో మొదట పుస్తకాల "కొని", చివర నోటిమాట "నేర్చుకు". "నేర్చుకొని" అంటే గణం చెడుతుందని ఒక్కటే కాదు, గురజాడకి రెండూ తన మాటలే. కొత్తపాతల మేలు కలయిక అని ఆయనే అన్నాడు కదా!

టెక్కలి కోడలు: కళలెల్ల నేర్చుకోవడం అంటే మా ఇంట్లో జరుగుతున్నదేనండీ. మా ఆయన నిన్న ట్రిమ్మర్ పట్టుకుని మావాడికి క్షవరం చేశారు. కుడిచెవి పైన అణా కాసంత జాగా నున్నగా పోయింది, వాడు పొద్దుట్నుంచి టోపీ తీయడం లేదు. నేను గిలక్కొట్టి నురగ తెచ్చే డాల్గోనా కాఫీ నేర్చుకున్నాను, చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. అదలా ఉంచితే నా సందేహం దకారం మీద కాదు, "ఈసురో" మీద. మా అత్తగారు మోకాళ్ల మీద చెయ్యి వేసి లేచేటప్పుడు "ఈసురా" అంటారు. అది ఈశ్వరా అనే కదా? ఆ పాదంలో ఉన్నదీ అదే అనుకుంటున్నాను.

బొబ్బిలి మాస్టారు: కాదమ్మా. ఉసురు. ఉసూరుమని అన్న మాటకి ఇంకో రూపం. ప్రాణం సోలిపోయినట్టు అని.

గణాల పిచ్చి: "ఉసూరుమని మనుషులుంటే" అని చదివి చూడండి, రెండో గణంలో ఒక మాత్ర తగ్గుతుంది. అందుకని మార్చాడంటారా?

బొబ్బిలి మాస్టారు: మాత్ర కోసమే అయితే "ఉస్సురోమని" సరిపోయేది కదా! ఈకారం ఎందుకొచ్చిందో దానికి వేరే కారణం ఉండాలి.

టెక్కలి కోడలు: కారణం ఈశ్వరుడే మాస్టారూ. మీరే ఒప్పుకున్నారు.

పొందూరు మగ్గం: అందరూ మొదటి రెండక్షరాలు పట్టుకుని వేలాడుతున్నారు. పాదంలో బరువైన మాట "కళలు". దాన్ని పాట, ఆట, బొమ్మలు వేయడం అనుకుంటే ఆ పద్యం పోయినట్టే. తర్వాతి పాదంలోనే "దేశి సరుకులు" అన్నాడు. కళ అంటే పనితనం, చేతివృత్తి, పరిశ్రమ. 1910 నాటి గీతం, బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం రాజుకుని అప్పటికి ఐదేళ్లు. మా ఊళ్లో సన్నఖద్దరుకి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దవడకి సూదుల్లాంటి పళ్లు వరసగా ఉంటాయి. గింజని ఎడంచేత్తో అదిమి పట్టి కుడిచేత్తో దువ్వుతుంటే నలక అంతా ఆ పళ్లకే ఆగిపోయి దూది మబ్బు తునకలా విడుతుంది. కళ అని ఆయన అన్నది దీన్ని. బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. డాల్గోనా రాదు మేడమ్, ఏమీ అనుకోకండి.

టెక్కలి కోడలు: అనుకున్నాను.

నాగావళి ఒడ్డు: సరుకుల మాట వచ్చింది గనక, "దేశి సరుకుల నమ్మవలెనోయ్" అన్నది ఎలా విడగొడతారు? ఈ మధ్య ఫార్వర్డులన్నీ "స్వదేశీ వస్తువుల్ని నమ్ముదాం" అని దీన్నే వాడుతున్నాయి. సరుకులన్ + అమ్మవలెను. అమ్మాలి, నమ్మడం కాదు.

బొబ్బిలి మాస్టారు: నమ్మవలెను అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. "సరుకుల" అని ద్వితీయా విభక్తిలో 'ను' లోపించిందంటే చాలు.

నాగావళి ఒడ్డు: వ్యాకరణం ఒప్పుకోవచ్చు, కింది పాదం ఒప్పుకోదు. "డబ్బు తేలేనట్టి నరులకు కీర్తి సంపద లబ్బవోయ్." సరుకుని నమ్మితే డబ్బొస్తుందా, అమ్మితే వస్తుందా? పై పాదం "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్". దేశదేశాలకీ వెళ్లి అమ్ముకు రా అంటున్నాడు. ఆయన్ని భక్తకవిని చేయకండి.

కళింగపట్నం: డబ్బు తేలేనట్టి నరులకు అన్నచోట ఆగాను. మా తీరంలో సరుకు కాదు, మనుషులే వెళ్తారు. వెరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు మొన్ననే బస్సుల్లో వచ్చారు. గుజరాత్ నుంచి రోజుల తరబడి ప్రయాణం, దిగాక క్వారంటైన్. మా వీధివాళ్లు కూడా ఉన్నారు అందులో. దూరం నుంచి చెయ్యి ఊపాం. ఆ పాదం బడిలో వల్లెవేసినప్పుడు తెలియలేదు గాని, అక్కడ కీర్తి మాట అనవసరం అనిపించింది ఇవాళ.

పొందూరు మగ్గం: బాగా చెప్పారు. ఆయన కూడా కీర్తికి ముందు డబ్బే పెట్టాడు.

బొబ్బిలి మాస్టారు: కాసుల గురించి సిగ్గుపడని కవి ఆయన. "తిండి కలిగితె కండ కలదోయ్" అని దేశభక్తి గీతంలో అన్నం గురించి ఇంకెవరు రాశారప్పటికి? మా విజయనగరం గాలే అంత.

నాగావళి ఒడ్డు: "మా విజయనగరం" అంటే ఎలా మాస్టారూ! ఆ వాడుకభాషకి కాపలా కాసిన గిడుగు మా శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టాడు.

బొబ్బిలి మాస్టారు: పుట్టడం మీ దగ్గర. చదివింది మా విజయనగరంలో, గురజాడతో పాటు. సవర భాష మీద అంత పని చేసిన మనిషిని జిల్లాలకి పంచుకుంటే ఏం బాగుంటుంది గాని, మీరు మొదలుపెట్టారు కాబట్టి చెప్పాను.

కోట జంక్షన్: అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ దకారమా, డకారమా?

గణాల పిచ్చి: ఆ ప్రశ్న తర్వాత. కింది పాదం మీకు ఎలా గుర్తు? "దేశి సరుకులు నింపవోయ్" అనా, "నించవోయ్" అనా?

కోట జంక్షన్: నింపవోయ్. ఇందులో కూడా గొడవ ఉందా?

నాగావళి ఒడ్డు: నించవోయ్. మా బడిలో అలాగే చెప్పారు.

బొబ్బిలి మాస్టారు: ఏ బడండీ అది?