రిమోట్ కాంటెస్ట్‌లో బ్యాండ్ మూగబోతే: సూర్యుడా, నెట్టా, మన స్టేషనేనా?

నిశ్శబ్ద_బ్యాండ్:
హ్యామ్ రేడియో పోటీ సీక్యూ వరల్డ్‌వైడ్ సీడబ్ల్యూ (అంతా మోర్స్ కోడ్‌లోనే), నవంబరు ఆఖరి వారాంతం, 48 గంటలు. స్టేషన్ కొండ మీద, నేను దానికి 300 కిలోమీటర్ల దూరంలో లాప్‌టాప్ ముందు, నెట్ మీదుగా నడుపుతూ. మొదటి మూడు గంటలు బ్రహ్మాండంగా నడిచింది, ఆ తర్వాత ఉన్నట్టుండి అన్నీ పల్చబడిపోయాయి. పెద్ద స్టేషన్లు వినిపిస్తున్నాయి కానీ బావిలోంచి పిలుస్తున్నట్టు, మనం పిలిస్తే మాత్రం ఒక్కరూ పలకరు. ఎవరి సిగ్నల్ ఎక్కడ వినబడిందో నమోదు చేసే రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లో నా కాల్‌సైన్ (స్టేషన్ గుర్తు) ఎక్కడా కనబడలేదు. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో చెప్పే కె ఇండెక్స్ చూస్తే 5. ఇంకేముంది, భూఅయస్కాంత తుఫాను, అందరికీ ఇదే గతి అనుకుని అయిదు గంటలు ఓపిగ్గా కూర్చున్నాను. ఆ అయిదు గంటల్లో ఒక్క క్యూఎస్‌ఓ (ఇంకో స్టేషన్‌తో సంభాషణ) లేదు.

చివరికి ఎందుకో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) మీద కన్ను పడింది. 1.1. బ్యాండ్ మార్చాను, 1.1. 160 మీటర్ల బ్యాండ్‌కు వెళ్లాను, అక్కడ కూడా 1.1! ఆ యాంటెన్నా పుట్టి బుద్ధెరిగాక 1.8 కిందికి దిగింది లేదు. తీరా చూస్తే అక్కడ కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది, యాంటెన్నా స్విచ్ రీసెట్ అయి డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మార్చేసే ఉత్తుత్తి యాంటెన్నా) మీద కూర్చుంది. స్విచ్‌లోంచి లీకయ్యే ముక్కలే నేను వింటున్న సిగ్నళ్లు.

పక్కనే కూర్చుని ఉంటే రిలే టక్కుమన్న శబ్దం వినేవాణ్ణి. రిమోట్‌లో మీరంతా ఇలాంటివి ఎలా పసిగడుతున్నారు?

పాత_కీ:
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఏం జరిగినా సూర్యుణ్ణి తిట్టడం మనకందరికీ అలవాటే, బాధపడకండి.

నేను చేసేది చెప్తాను. 14.100 మెగాహెర్ట్జ్‌లో ఎన్‌సీడీఎక్స్‌ఎఫ్ బీకన్లు (బ్యాండ్ ఎలా ఉందో తెలియడానికి పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు) ఉంటాయి కదా, ప్రపంచం మొత్తం మీద 18 చోట్ల, ఒక్కోటి 10 సెకన్లు, మూడు నిమిషాలకు ఒక చుట్టు. ముందు కాల్‌సైన్, తర్వాత నాలుగు గీతలు: 100 వాట్లు, 10, 1, చివరిది 0.1. బ్యాండ్ తేడాగా అనిపిస్తే మూడు నిమిషాలు రన్ (ఒకే చోట ఉండి అందర్నీ పిలవడం) ఆపి అవి వింటాను. ఉత్తరాది బీకన్లు పోయి, భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్నవి 10 వాట్ల గీత దాకా వినబడుతున్నాయంటే అది తుఫాను. పద్దెనిమిదీ పోయాయంటే మాత్రం ముందు అనుమానించాల్సింది నా స్టేషన్‌నే. 21.150లోనూ 28.200లోనూ కూడా అవే ఉంటాయి.

ఇంకోటి, కె ఇండెక్స్ మూడు గంటల లెక్క. తెర మీద కనబడే అంకె ఇప్పటి సంగతి కాదు, గడిచినదాని సంగతి. పైగా 5 అంటే జీ1, తుఫానుల్లో చిన్నది. 2024 మే 10న వచ్చింది జీ5, 2003 అక్టోబరు తర్వాత మళ్లీ అదే. కె 5 ఉన్నరోజు ధ్రువాల మీదుగా వెళ్లే దారులు దెబ్బతింటాయి, టోన్ బుసబుసమంటుంది, నిజమే. కానీ అయిదు గంటల్లో సున్నా క్యూఎస్‌ఓలు రావు.

ఐదు_వాట్లు:
పాత_కీ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. ఫ్లేర్‌నీ (సూర్యుడి మీద పేలుడు) తుఫానునీ చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. ఫ్లేర్ ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి పడతాయి, పగలున్న వైపు డీ లేయర్ (అయనోస్ఫియర్‌లో అడుగు పొర) మందమై కింది ఫ్రీక్వెన్సీలను ముందు మింగేస్తుంది, అవే ఆఖర్న కోలుకుంటాయి. కాబట్టి ఆ సమయంలో 40 మీటర్లలోనో 20 లోనో ఉంటే 15కో 10కో (మీటర్లు తగ్గితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది) ఎక్కాలి, సాధారణంగా గంటలోపు సద్దుకుంటుంది. తుఫాను వేరు, సూర్యుడి మీంచి విసిరిన ప్లాస్మా ఒకటి నుంచి మూడు రోజులు ప్రయాణం చేసి వస్తుంది, వచ్చాక ఎంయూఎఫ్ (ఆకాశం తిప్పి పంపగల గరిష్ఠ ఫ్రీక్వెన్సీ) పడిపోతుంది, అప్పుడు కిందికి దిగాలి. ఇది తెలియక ఒకసారి ఫ్లేర్ టైములో 80 మీటర్లకు దిగి పట్టపగలు గంటసేపు గోడతో మాట్లాడినవాణ్ణి నేను.

డబ్ల్యూపీఎక్స్ అనే ఇంకో కాంటెస్ట్‌లో అయితే ఇంకా సులువు. సింగిల్ ఆపరేటర్‌కి 48లో 36 గంటలే కదా, ఎలాగూ విరామం తీసుకోవాలి, అది కనీసం 60 నిమిషాలు ఉండాలి. బ్లాకౌట్ వచ్చిందా, హెడ్‌ఫోన్ తీసి పడుకో.

చిట్టి_డిట్:
మీరంతా ఆకాశం గురించే మాట్లాడుతున్నారు, నా ఏడుపంతా నెట్ గురించి. లెక్క చూడండి: నిమిషానికి 30 వర్డ్స్ స్పీడులో ఒక డిట్ (మోర్స్ చుక్క) 40 మిల్లీసెకన్లు. ఆడియో ప్యాకెట్ ఒక్కోటి 20. వరసగా రెండు ప్యాకెట్లు పోతే ఒక డిట్ మాయం, 5 కాస్తా హెచ్ అయిపోతుంది, హెచ్ కాస్తా ఎస్. మనకు తప్పు విన్నామని కూడా తెలియదు, లాగ్‌లో రాసేస్తాం, ఫలితాలొచ్చాక తెలుస్తుంది. అందుకే లేటెన్సీ కంటే జిట్టర్‌కి భయపడాలి అంటాను. 150 మిల్లీసెకన్ల ఆలస్యం ఒకే తీరున ఉంటే చెవి అలవాటు పడుతుంది. 30 నుంచి 200 దాకా ఊగుతుంటే ఎవరూ అలవాటు పడలేరు.

నేను చేసిన మార్పులు: వైఫై తీసేసి కేబుల్, ఆడియో బఫర్ పెంచడం, కీయర్ (మోర్స్ పుట్టించే పరికరం) స్టేషన్ దగ్గరే పెట్టి ఇక్కణ్ణుంచి అక్షరాలు మాత్రమే పంపడం. సైడ్‌టోన్ (మనం పంపేది మనకు వినిపించే శబ్దం) మాత్రం ఇక్కడే పుట్టాలి, అక్కణ్ణుంచి తిరిగొచ్చేది వింటూ ప్యాడిల్ (మోర్స్ మీట) కొడితే చేతులు తడబడతాయి. భూస్థిర ఉపగ్రహం నెట్ అయితే మాత్రం రాను పోను 600 మిల్లీసెకన్లు, పైలప్‌లో (చాలామంది ఒకేసారి పిలిచేటప్పుడు) మనకు వినబడేసరికి అవతలివాడు రెండోసారి పిలుస్తుంటాడు.

కొత్త_హ్యామ్:
అడగొచ్చో లేదో, స్టేషన్ దగ్గర నాయిజ్ ఎక్కువగా ఉంటే వేరే ఊళ్లో ఉన్న వెబ్ ఎస్‌డీఆర్‌లో (నెట్ మీద ఎవరైనా వినగల రిసీవర్) వింటూ మన స్టేషన్ నుంచి పంపితే కుదరదా? కండిషన్స్ బాగా లేనప్పుడు చాలా ఉపయోగం కదా.

పాత_కీ:
కుదరదు తమ్ముడూ. సీక్యూ వరల్డ్‌వైడ్‌లో ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు అన్నీ 500 మీటర్ల వృత్తంలోనే ఉండాలి. ఆపరేటర్ ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు, యాంటెన్నాలు ఎక్కడుంటే స్టేషన్ అక్కడున్నట్టే. కాల్‌సైన్ కూడా అక్కడ చెల్లేదే వాడాలి.

సాఫ్ట్_మైక్:
వాయిస్ వాళ్ల తరఫున నాదో అనుభవం. మొదట్లో మామూలు వీడియో కాల్ యాప్‌తో ఆడియో తెచ్చుకునేవాణ్ణి. బలమైన సిగ్నళ్లు స్టూడియోలో ఉన్నట్టు వినబడేవి, బలహీనమైనవి అసలు లేవు. రెండు కాంటెస్టుల పాటు మా స్టేషన్ రిసీవర్ చెవిటిదని అందరికీ చెప్పుకున్నాను కూడా. ఆ యాప్‌లో నాయిజ్ సప్రెషన్ ఉంటుంది, గరగరలో కలిసిపోయిన గొంతును కూడా అది గరగరే అనుకుని తుడిచేస్తుంది. అది ఆపేసిన రోజు 15 మీటర్లలో ఒక్కసారిగా జనం పుట్టుకొచ్చారు. హోరు వినబడాలి, హోరు లేకపోతే దాని కింద ఉన్నవాళ్లూ ఉండరు.

చిట్టి_డిట్:
సాఫ్ట్_మైక్ గారూ, సేమ్ టు సేమ్. సీడబ్ల్యూ టోన్‌ని ఫ్యాన్ చప్పుడు అనుకుని కోసేసేది నాది.

ఐదు_వాట్లు:
పీటీటీ వాచ్‌డాగ్ (ట్రాన్స్‌మిట్ ఇరుక్కుపోతే ఆపేసే కాపలా) గురించి ఎవరూ అనలేదేం? లింక్ తెగినప్పుడు రిగ్ (రేడియో) ట్రాన్స్‌మిట్‌లోనే ఉండిపోతే? నాకు జరిగింది, నాలుగు నిమిషాలు. నాది 5 వాట్లు కాబట్టి బతికిపోయింది, లీనియర్ (పవర్ పెంచే యాంప్లిఫయర్) ఉన్నవాళ్లకయితే గదిలో కాలిన వాసన వచ్చినా చెప్పే దిక్కు లేదు. లింక్ పోగానే కొన్ని సెకన్లలో రిసీవ్‌కి వచ్చేలా స్టేషన్ వైపే పెట్టుకోండి, ఇక్కడి సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోవద్దు. రిగ్ పవర్ ఆఫ్ చేసి ఆన్ చేయడానికి ఇంకో దారి, వేరే నెట్ కనెక్షన్ మీద, అది కూడా.

నిశ్శబ్ద_బ్యాండ్:
అందరికీ థ్యాంక్స్. నిన్న యాంటెన్నా స్విచ్‌కీ రౌటర్‌కీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టించాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 కంటే తగ్గితే తెర మీద ఎర్ర రంగు వచ్చేలా చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను, నవ్వకండి. ఇవాళ బీకన్లు కూడా విన్నాను, 14.100లో తొమ్మిది దొరికాయి, వాటిలో ఒకదానిది ఒక వాట్ గీత దాకా.

పాత_కీ:
నవ్వడం లేదు. ఆ స్క్రిప్ట్ ఇటు పంపండి.