జ్యూరీకి జడ్జి తప్పు చెబితే అప్పీలులో ఏం చూస్తారు?

ప్రశ్న:
నౌకాదళ అధికారి నానావతిపై నడిచిన హత్య కేసు తీర్పు చదువుతున్నాను. 1959లో బొంబాయి జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు మాత్రం దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఏకీభవించక కేసును హైకోర్టుకు నివేదించగా, జ్యూరీకి జడ్జి చట్టాన్ని వివరించిన తీరులోనే లోపాలున్నాయని తేల్చి హైకోర్టు ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టింది. జడ్జి నోట పొరపాటు దొర్లిన ప్రతిసారీ జ్యూరీ నిర్ణయం చెల్లకుండా పోతుందా?

మొదటి సమాధానం:
పోదండి. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు తీర్పు రాసిన మన రాజమండ్రి వారు కోకా సుబ్బారావు గారు ఈ సంగతిని తేటగా చెప్పారు. జడ్జి తప్పు చెప్పినా, చెప్పి తీరవలసినది వదిలేసినా, దానివల్ల న్యాయం దెబ్బతిన్నదని తేలితేనే నిర్ణయాన్ని రద్దు చేయాలి. ఈ కేసులో లోపం చిన్నది కాదు. పెనుగులాటలో తుపాకి ప్రమాదవశాత్తు పేలిందన్నది నిందితుడి వాదన కాగా, అటువంటి మినహాయింపు కోరేవారే అందుకు తగిన పరిస్థితులను నిరూపించాలని, అంతవరకు అవి లేవనే కోర్టు భావించాలని 2024 వరకు అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 105వ సెక్షను చెప్పేది. జ్యూరీకి జడ్జి ఈ మాటే చెప్పలేదు. కేసంతా ఆ ఒక్క వాదన మీద నిలిచినప్పుడు దాని నిరూపణ భారం ఎవరిదో తెలియకుండా తొమ్మిది మంది ఎలా నిర్ణయిస్తారు?

రెండో సమాధానం:
పై సమాధానానికి ఒక ముఖ్యమైన చేర్పు. 105వ సెక్షను ఉన్నంత మాత్రాన హత్యను రుజువు చేసే బాధ్యత ప్రాసిక్యూషన్ నుంచి తొలగిపోదు. ప్రమాదాన్ని నిందితుడు పూర్తిగా నిరూపించలేకపోయినా, అతడు చూపిన సాక్ష్యం చంపే ఉద్దేశంపైనే సహేతుకమైన సందేహం రేపితే విడుదల చేయాలని అదే తీర్పులో ఉంది. దీన్ని వదిలి 105ను మాత్రమే చదివితే నిందితుడికి అన్యాయం జరుగుతుంది. అలాగే జ్యూరీ నిర్ణయం చెడిపోయాక సాక్ష్యాన్ని హైకోర్టే తూచి శిక్ష వేయగలిగిందంటే, అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 307వ సెక్షను కింద వచ్చిన నివేదన కాబట్టే.

మూడో సమాధానం:
అమెరికాలోనైతే నిర్దోషి అన్న జ్యూరీ మాటపై ప్రభుత్వానికి అప్పీలే లేదు. దోషి అన్నప్పుడే ఈ ప్రశ్న వస్తుంది. నేరంలోని ఒక అంశాన్ని జ్యూరీకి చెప్పకపోయినా, ఆ లోపం నిర్ణయాన్ని మార్చలేదని సందేహానికి తావులేకుండా తేలితే శిక్ష నిలుస్తుందని 1999లో నెడర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. సహేతుకమైన సందేహం అంటే ఏమిటో తప్పుగా వివరిస్తే మాత్రం ఆ లెక్కే ఉండదు. జ్యూరీ సరైన కొలతతో తీర్పు చెప్పనే లేదు కాబట్టి శిక్ష రద్దు కావలసిందేనని 1993లో సలివన్ కేసులో తేల్చారు.