రిక్టర్ కచేరీల్లో హాలంతా చీకటి ఎందుకు?

ప్రశ్న:
స్వియాతొస్లావ్ రిక్టర్ చివరి కచేరీల వీడియోలు చూస్తున్నానండి. హాలంతా చీకటి, నొటేషన్ (స్వరాలు రాసిన కాగితం) మీద మాత్రం చిన్న దీపం, పక్కన పేజీలు తిప్పే మనిషి. అంతటి పియానిస్టు కాగితం చూసి వాయించడం ఏమిటని అడిగితే మా మాస్టారు "వయసు" అని ఊరుకున్నారు. నాకు సరిపోలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
వయసు మాట నిజమే, కానీ దెబ్బ తగిలింది చెవికి. ఏ స్వరం మోగినా ఠక్కున పోల్చే చెవి ఆయనది. పెద్దతనంలో అది మోసం చేసింది. మోగుతున్న దానికంటే పై స్వరం వినిపించేది. ఇదెంత కష్టమో తెలియాలంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) రెండు మెట్లు పైకి జరిపి, మీకు కంఠతా వచ్చిన దాన్ని వాయించండి. నాకైతే రెండో వరసలోనే వేళ్ళు ఆగిపోయాయి. అందుకే ఆయన కంఠతా వాయించడం మాని కాగితం పెట్టుకున్నాడు.

చీకటి ఆయన కోరి పెట్టుకున్నదే. జనం తన ముఖాన్నీ చేతుల్నీ చూడకుండా సంగీతాన్ని వినాలని.

అదే వ్యక్తి, ఇంకొంచెం:
కాగితం చూడటాన్ని దిగజారడం అనుకోకండి, దయచేసి. 1915లో జితోమిర్‌లో పుట్టిన ఈయనకు తొలి గురువు ఆర్గాన్ వాయించే తండ్రి. ఇరవై ఏళ్ళు నిండకముందే ఒడెస్సా ఒపేరాలో రిహార్సల్స్‌కి పియానో వాయించేవాడు. ఆర్కెస్ట్రా మొత్తానికి రాసినదాన్ని చూస్తూ, అప్పటికప్పుడు పది వేళ్ళలోకి దింపాలి! ఆ చదువే ఆయన చదువు. మాస్కో కన్సర్వేటరీలో హైన్రిక్ న్యూహౌస్ దగ్గర చేరింది ఆ తర్వాత, 1937లో. సోవియెట్ స్వరకర్త ప్రొకోఫియెవ్ ఏడో సొనాటాను (పియానో కోసం కొన్ని భాగాలుగా రాసిన కృతి) నాలుగు రోజుల్లో నేర్చుకుని 1943లో తొలిసారి వేదిక మీద వాయించాడు. 1941లో తండ్రిని సోవియెట్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఆ తర్వాత రెండేళ్ళు తిరక్కముందే ఈ యుద్ధకాలపు సొనాటా. అది వింటున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకో జవాబు:
ఒప్పుకుంటాను గానీ, నాకు కంఠతా వాయించిన రిక్టరే ఇష్టం. 1958లో బల్గేరియా రాజధాని సోఫియాలో చేసిన కచేరీ రికార్డింగ్ వినండి, రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'. శ్రోతల దగ్గులున్నాయి, తప్పు స్వరాలూ ఉన్నాయి. అయినా ఆ తెగింపు తర్వాతి రికార్డింగుల్లో నాకు దొరకలేదు.

మొదటి జవాబు రాసిన వ్యక్తి:
సోఫియాకి ఎదురు చెప్పను. కానీ షూబర్ట్ ఆఖరి సొనాటా, బి ఫ్లాట్, మొదటి భాగం ఆయన చేతిలో ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది. అంత నెమ్మదిలో ఎక్కడా తాడు తెగదు. దీనికీ తెగింపు కావాలండి. 1986లో సైబీరియా మీదుగా కారులో వెళుతూ, సరైన హాలు కూడా లేని చిన్న ఊళ్ళలో ఆగి ఆగి వాయించాడు. అప్పటికి డెబ్బై దాటాయి.

ప్రశ్న వేసిన వ్యక్తి:
షూబర్ట్ మొదలుపెట్టానండి. ఎడమచేతి కింద ఆ గురగురమనే ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండూ గబగబా మార్చి మార్చి మోగడం) దగ్గర ఆపి మళ్ళీ వింటున్నాను.